రెండో మనిషి పేరు

తార్నాక, హైదరాబాదు
12 సెప్టెంబరు 1967

విశాలాక్షక్కకు,

సారలమ్మ నమస్కారాలు. నీవు ప్రొద్దుటూరు చేరినట్టు రాసిన కార్డు అందింది. ప్రసవం అయ్యేదాకా మంచం దిగవద్దని డాక్టరమ్మ చెప్పిందట. దిగకు. ఇక్కడి సంగతులు నేను రాస్తుంటాను, నీవు పడుకుని చదువు.

నీవు వెళ్ళి పన్నెండు రోజులు. యూనివర్సిటీలో మన శిశు తరగతికి రెండో టీచరును పంపుతానన్న రమాదేవి మేడమ్ ఇంతవరకు ఎవరినీ పంపలేదు. అడిగితే, "ఇంత కొద్ది కాలానికి శిక్షణ పొందిన మనిషి ఎక్కడ దొరుకుతుందమ్మా? సర్దుకో" అన్నారు. ఒక గదిలో ఇద్దరు టీచర్లు ఉండాలి, ఇద్దరిలో ఎవరూ పెద్ద కాదు, ఒకరు నడుపుతుంటే ఒకరు చూసి రాయాలి, పిల్లలు పాలు తాగాక మారాలి అని మొదటిరోజు మనకు చెప్పింది ఆవిడే. ఇప్పుడు ముప్పయి ఒక్కమంది పిల్లలను నేనొక్కదాన్నే నడుపుతున్నాను. చూసేవాళ్ళు లేరు. మన పుస్తకంలో ఎడమ పేజీ మీద ఏం చేయించానో రాస్తున్నాను. చూసిన మనిషి రాయవలసిన కుడి పేజీ ఖాళీగా ఉంటున్నది. నన్ను నేనే చూసుకుని రాయడం నాకు చేతకాలేదు.

మొన్న శుక్రవారం ఒక పిల్ల సుద్దముక్క మింగింది. దాని నోట్లో వేలు పెట్టి తీస్తుండగానే అటు మూలన మల్లన్న పక్కపిల్ల చెయ్యి కొరికాడు. మన ఆయా లింగమ్మ నీళ్ళ బకెట్టుతో గడపలో నిలబడి ఉన్నది. బకెట్టు కింద పెట్టి లోపలికి వచ్చేసింది.

"నువ్వు గా పదిమందిని చూడు బిడ్డా. మిగిలినోళ్ళను నాకు ఇడిసిపెట్టు."

"నీకు గచ్చు తుడిచే పని ఉన్నది కదా, లింగమ్మా?"

"గచ్చు ఎవ్వల్ని కరవది. గీ పోరగాడు కరుస్తున్నడు."

వంటగదిలోంచి చేట తెచ్చి, ఇసుక పోసి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకున్నది. గులకరాళ్ళు ఏరి పెద్దవి ఒకచోట, చిన్నవి ఒకచోట పెట్టమన్నది. అరగంట చప్పుడు లేదు. రంగు పూసలతో మనం చేయించే పాఠమే అది. పూసలతో ఏనాడూ పది నిమిషాలు దాటలేదని నీకూ తెలుసు.

శారద సంగతి ఏమీ మారలేదు. యూనివర్సిటీ ఆఫీసు గుమాస్తా ఆదినారాయణ గారి అమ్మాయి. పిలిస్తే పలకదు, రెండోసారి పిలిస్తే వీపు తిప్పుకుంటుంది. వట్టి మొండి అని నీవు రాసిన మాటనే నేనూ రాస్తున్నాను. ఏం చేయమంటావు?

నీ చెల్లెలు
సారలమ్మ


ప్రొద్దుటూరు
25 సెప్టెంబరు 1967

చెల్లెలు సారలకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇక్కడ చదవడానికి ఇంకేమున్నది? మా అమ్మ సరోజమ్మ గంటకొకసారి వచ్చి, "పండుకోని పండుకోని నీ ఈపుకు యేర్లు మొలుస్తాయేమోమ్మే" అని నవ్వుతుంది. లేవబోతే మాత్రం అదే మనిషి భుజం పట్టి పడుకోబెడుతుంది.

శారదను బతిమాలకు. బతిమాలిన కొద్దీ ఆ పిల్ల బిగుసుకుంటుంది. పట్టించుకోనట్టు ఉండు, తానే వస్తుంది.

ఇంకొక మాట. లింగమ్మ మంచిదే. అవసరానికి ఒకరోజు సాయం చేస్తే తప్పులేదు. కాని ఆమెను గదిలో కూర్చోబెట్టడం అలవాటు చేయకు. ప్రొఫెసర్ల పిల్లలు ఇంటికి పోయి "గిట్ల", "గట్ల" అంటే మేడమ్ పిలిచేది లింగమ్మను కాదు, నిన్ను. "గీడ" అనకు, "ఇక్కడ" అనాలని మొదటి నెలలో నీకు ఎన్నిసార్లు చెప్పాను? పట్టుదలగా నేర్చుకున్నావు. నేర్చుకున్నదాన్ని పాడుచేసుకోకు.

నేను తిరిగి వస్తాను. నా చోటు నాకు ఉంచు.

నీ అక్క
విశాలాక్షి


తార్నాక
21 అక్టోబరు 1967

అక్కా,

శారద మొండిపిల్ల కాదు. ఆమెకు ఎడమచెవి వినపడదు.

ఇది కనుక్కున్నది నేను కాదు, లింగమ్మ. రోజూ పాలు తాగాక పిల్లల మూతులు కడిగేది ఆమే కదా. జడ పక్కకు తీసి మెడ తుడుస్తుంటే చెవి వెనక జుట్టు అంటుకుపోయి, చీము వాసన వచ్చిందట. వెంటనే నాకు చెప్పలేదు. నాలుగు రోజులు పరీక్ష చేసింది. ఎడమపక్కన నిలబడి పిలిచింది, కుడిపక్కన నిలబడి పిలిచింది, వెనక నుంచి గిన్నె మోగించింది. ఐదోరోజు వచ్చి నాతో అన్నది: "గా పోరి వీపు తిప్పుకుంటలేదు. మంచిగున్న చెవు నీ దిక్కు తిప్పుతున్నది. నువ్వు గది చూసి మొండిది అంటున్నవ్."

ఆదినారాయణ గారిని పిలిపించాను. ఇంట్లో చెవిపోటు అని నూనె వేస్తున్నారట గాని, వినపడడం లేదని ఎవరికీ తోచలేదు. దవాఖానలో మందు మొదలుపెట్టారు. ఎంత వినికిడి తిరిగి వస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఇప్పుడు శారదను కుడిపక్కనుంచి పిలుస్తున్నాను. పలుకుతున్నది, అక్కా. ఎంత మాట్లాడుతుందో! ఆపమంటే ఆపదు.

ఆ సాయంత్రం పుస్తకం తీసి వెనక్కి తిరగేశాను. "మొండి" అన్న మాట పదకొండుసార్లు ఉన్నది. ఏడు నా చేతివ్రాత, నాలుగు నీది. రెండేళ్ళ శిక్షణ పొందిన ఇద్దరం కళ్ళు పెట్టుకుని చూసి రాసినది అది.

అందుకని ఒక నిర్ణయం చేసుకున్నాను. ఇకనుంచి లింగమ్మ ఈ గదిలో రెండో మనిషి. పాలకు ముందు నేను నడుపుతాను, ఆమె చూస్తుంది. పాల తరువాత ఆమె నడుపుతుంది, నేను చూస్తాను. పిల్లలు ఇళ్ళకు పోయాక ఆమె చూసినది చెబుతుంది, నేను కుడి పేజీ మీద రాస్తాను. ఆమె అన్న మాటలు అన్నట్టే రాస్తాను. కింద వేలిముద్ర వేస్తుంది. నిన్న రాయించినది ఇది: "మల్లన్న కరిచేది ఆకలికి. ఇంట్ల పొద్దుగాల ఏం తినకుండ వస్తడు. పాలు ముందు పోస్తే కరవడు." పాలు ముందు పోశాము. కొరకలేదు.

నీవు రాసిన "గీడ" సంగతి. నేర్పినందుకు నీ మీద కోపం లేదు. కాని ఈ తరగతిలో అటెండర్ల పిల్లలు, తోటమాలుల పిల్లలు పద్నాలుగుమంది ఉన్నారు. నేను "ఇక్కడికి రండి" అంటే వాళ్ళు ఎవరినో పిలిచాననుకుని చూస్తారు. లింగమ్మ "గీడికి రాన్రి" అంటే ముప్పయి ఒక్కమందీ పరుగెత్తుతారు, ప్రొఫెసర్ల పిల్లలతో సహా. మా అమ్మ మాట్లాడే మాట అది. దానితో పాడయ్యేది ఏదైనా ఉంటే పాడవనీ.

సారలమ్మ


ప్రొద్దుటూరు
27 నవంబరు 1967

సారలకు,

తొమ్మిదో తారీఖున ఆడపిల్ల పుట్టింది. కష్టమైంది గాని ఇద్దరమూ బాగున్నాము. నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయకపోవడానికి అది ఒక కారణం. రెండో కారణం నీకు తెలుసు. ఆ నాలుగింటిని లెక్కపెట్టి రాయడం అవసరమా? శారద విషయంలో నాకూ బాధగానే ఉన్నది. బాధను లెక్కపెట్టి చూపించనవసరం లేదు.

మేడమ్ ఆ పుస్తకం చూస్తున్నారా? కుడి పేజీ మీద వేలిముద్రలు ఆవిడ కంటపడ్డాయా? ఎవరైనా నా గురించి అడిగితే విశాలాక్షి త్వరలో వస్తున్నదని మాత్రం చెప్పు. ఎప్పుడు వెళ్ళింది, ఎన్నాళ్ళయింది అనేవి చెప్పనక్కరలేదు.

పాపకు ఇంకా పేరు పెట్టలేదు. చేతులు రెండూ పిడికిళ్ళు బిగించి నిద్రపోతుంది.

విశాలాక్షి


తార్నాక
18 డిసెంబరు 1967

విశాలాక్షక్కకు,

పాపను ఎత్తుకోవాలని చాలా ఉన్నది. ఇద్దరూ క్షేమమని తెలిసి లింగమ్మ పిల్లలందరికీ తలా ఒక బెల్లంముక్క పెట్టింది. ఈ ఉత్తరం ఇంతవరకే రాసి ఆపగలిగితే బాగుండేది.

జనవరి ఇరవై రెండున కమిటీ వస్తున్నది. మన తరగతిని చూసి, ఇలాంటివి ఇంకా ఇరవైచోట్ల పెట్టవచ్చునా లేదా అని వాళ్ళు తేలుస్తారట. ఒక్క షరతు ఉన్నదట. ఏడాదిలో ఏ నెలా తరగతి ఒక్క మనిషితో నడిచి ఉండకూడదు. మేడమ్ నన్ను పిలిచి పుస్తకం అడిగారు. ఇచ్చాను. కుడి పేజీలు తిప్పి చూశారు.

"ఇదేమిటమ్మా? ఆయా చేత వేలిముద్రలు వేయించావు?"

"చూసినది ఆవిడే కదండీ."

"ఇది చదువు గురించిన పరిశోధన. పల్లెలో పంచాయతీ కాదు. కుడి పేజీలన్నీ మంచి తెలుగులో తిరిగి రాయి. కింద విశాలాక్షి పేరు పెట్టు."

"ఆవిడ ఇక్కడ లేరు కదండీ?"

"అది నేను చూసుకుంటాను" అన్నారు మేడమ్. ఎలా చూసుకుంటారో నాకు అర్థం కాలేదు. మొన్న అర్థమైంది. శారదను తీసుకుపోవడానికి వచ్చిన ఆదినారాయణ గారు అడిగారు: "ఏమమ్మా, విశాలాక్షమ్మ యెప్పుడొచ్చినారు? మా పక్కూరి మనిషి, కండ్లకు కనపడనే లేదే!"

"ఆవిడ ప్రొద్దుటూరులోనే ఉన్నారండీ."

"అదెట్లమ్మా? సెప్టెంబరు కాడినుంచి ఆమె హాజరు పట్టీలు సంతకాలతో వస్తాండాయి. నా చేత్తోనే ఫైల్లో కుట్టినాను."

అక్కా, అవి నీ సంతకాలేనా? ఎవరో నీ పేరు పెట్టి చేసినవా? అవునో కాదో ఒక్క మాట రాయి. ఇంకేమీ రాయనక్కరలేదు.

సారలమ్మ


ప్రొద్దుటూరు
29 డిసెంబరు 1967

సారలా,

నా సంతకాలే.

ఒక్క మాట చాలన్నావు, కాని నాకు చాలదు. మేడమ్ సెప్టెంబరులోనే ఐదు ఖాళీ పట్టీలు పోస్టులో పంపి సంతకం చేయమన్నారు. ప్రొబేషన్ ఏడాదిలో మూడు నెలలు దాటి సెలవు పెడితే ఆ ఏడాది చెల్లదు, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఈ మంచంలోనే సంతకాలు చేశాను. నీకు చెప్పలేదు. నీవు ఇలాగే చూస్తావని తెలిసి చెప్పలేదు.

నీకు ఇంకా సంసారం లేదు. నీ నాయన నీ ఉద్యోగం తలుచుకుని మురుస్తాడు. మా ఇంట్లో అలా కాదు. మా ఆయన వెంకటేశ్వర్లు గారు నల్లకుంటలో ఇల్లు తీసుకున్న రోజే అన్నారు, బిడ్డ పుట్టాక ఉద్యోగం ఖాయం కాకపోతే ఇక ఆ మాట ఎత్తవద్దని. ఈ ఏడాది పోతే నాకు రెండో ఏడాది లేదు. ఆ గది నాకు మళ్ళీ లేదు. ఆ గదిని నీవొక్కదానివే ప్రేమించావనుకుంటున్నావా?

లింగమ్మకు ఏం పోతుంది? ఆమె ఆయా ఉద్యోగం అలాగే ఉంటుంది. ఆమె పేరు ఆ పుస్తకంలో ఉన్నా లేకపోయినా ఆమె చదవలేదు. నా పేరు లేకపోతే నాకు అన్నీ పోతాయి. నీ చేతిలో ఉన్నది కొన్ని పేజీల నకలు రాయడమే. ఇంతవరకు నిన్ను ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

విశాలాక్షి


తార్నాక
7 జనవరి 1968

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు తరగతిలో సరిగా నిలబడలేకపోయాను. పాలకు ముందు నడుపుతూ పిల్లల పేర్లు పిలవడంలో తడబడ్డాను. ఆ సాయంత్రం కుడి పేజీ కోసం లింగమ్మ చెప్పిన మొదటి మాట ఇది: "ఇయ్యాల నువ్వు పిల్లల తాన లేవు. ఏడనో ఉన్నవ్. ఏమైందో చెప్పు, తర్వాత రాసుకుందువు."

అంతా చెప్పాను. నీ పేరుతో సహా. ఆమె విషయమే కనుక ఆమెకు దాచకూడదనుకున్నాను.

"నా పేరు ఉంచితే నీ నౌకరి పోతదా?"

"పోవచ్చు, చిన్నమ్మా." ఈ మధ్య ఆమెను అలాగే పిలుస్తున్నాను.

"గా విశాలమ్మది?"

"ఆమెకు ఒక ఏడు పోతది."

"తీసేస్తే నాకేం పోతది?"

నీవు అడిగిన ప్రశ్నే అది. ఆమే జవాబు చెప్పుకున్నది. "గా పోరి చెవు నేను చూసిన. ఆమె చూసిందని రాస్తే రేపు ఇంకో పిల్ల సంగతి నేను చెప్తే ఎవ్వలు ఇంటరు? 'నువ్వెవ్వతివే' అంటరు." కొంగుతో చేతులు తుడుచుకుని మళ్ళీ అన్నది: "ఉంచేటట్టయితే సక్కగ ఉంచు. ఆయా లింగమ్మ అని రాసుకుంట పోతున్నవ్. నా ఇంటిపేరు గుండేటి. గది రాయి."

నేను సిగ్గుపడ్డాను. మూడు నెలలు రాసి, ఒక్కనాడూ ఆ సంగతి అడగలేదు.

మా నాయన నన్ను ఎందుకు చదివించాడో నీకు చెప్పలేదు. ఏడేళ్ళు ఆయన దున్నిన మెట్టచెలకకు పహాణీలో, అంటే ఊరి పొలాల లెక్కలో, సాగు చేసినవాడి గడిలో, పట్వారి ప్రతి ఏడూ ఇంకొకరి పేరు రాశాడు. నాయనకు చదువు రాదు. ఆ కాగితం ముందు నిలబడి తన పేరే ఉన్నదనుకున్నాడు. కౌలుదారుల హక్కులు తేల్చే అధికారి వచ్చి గట్టిగా చదివిన రోజున తెలిసింది. భూమి పోయింది. ఆ వారమే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి బడిలో కూర్చోబెట్టాడు. మా ఇంట్లో బడి గడప దాటిన మొదటి మనిషిని నేను. ఆ గడిలో ఏం రాసి ఉన్నదో చదవడానికి నన్ను పంపారు. ఆ గడిలో అబద్ధం రాసే మనిషిని కావడానికి కాదు.

నకలు రాయను. పుస్తకం ఉన్నది ఉన్నట్టే ఇస్తాను. హాజరు పట్టీల సంగతి నా అంతట నేను ఎక్కడా ఎత్తను. కాని గదిలో ఎవరున్నారని అడిగితే ఎవరున్నారో చెబుతాను. నీ సంతకాల సంగతి నీవే తేల్చుకోవాలి, అక్కా.

ఈ ఏడాది నీకు దక్కాలని నాకూ ఉన్నది. ఇలా కాదు.

సారలమ్మ


తార్నాక
27 జనవరి 1968

విశాలాక్షక్కకు,

నీవు జవాబు రాయలేదు. అయినా జరిగినది నీకు తెలియాలి.

కమిటీలో ముగ్గురు. అందులో ఒకావిడ తెలుగు మనిషి, వయసైనావిడ. పుస్తకం ఆవిడ చేతికి వెళ్ళింది. కుడి పేజీలు ఒక్కొక్కటీ చదివారు. గుండేటి లింగమ్మ ఎవరని అడిగారు. మేడమ్ నవ్వి, "మా ఆయా అండీ. పాపం, ఉత్సాహం ఎక్కువ" అన్నారు. లింగమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

"ఏం చదువుకున్నావమ్మా?" అని అడిగారావిడ.

"ఏం చదువుకోలే."

"మరి పిల్లలకు ఏం చెప్తావు?"

"నేను చెప్పుడు తక్కువ. వాళ్ళు ఏం చేస్తున్నరో చూస్త. నేను చేసేటప్పుడు సారలమ్మ చూస్తది, ఆమె చేసేటప్పుడు నేను చూస్త. ఎవ్వలు తప్పు చేస్తే రెండో ఆమె చెప్తది. పొద్దుందాక కొట్లాడుకుంటం, రేపటికి మంచిగ చేస్తం."

"నువ్వు ఆయావే కదా?"

"ఆయానే. ఆళ్ళు పోయినంక గచ్చు గూడ నేనే తుడుస్త."

నీ గురించి ఎవరూ అడగలేదు. మేడమ్ అడగనివ్వలేదు.

మర్నాడు నాకు మెమో వచ్చింది. శిక్షణ లేని ఉద్యోగినిచేత పాఠం చెప్పించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆయా ఇకమీదట తరగతి గది గడప దాటి లోపలికి రాకూడదు. నా జవాబు ఇది: "ముప్పయి ఒక్కమంది పిల్లలకు ఇద్దరు పెద్దవాళ్ళు కావాలని తమరే నేర్పారు. రెండో మనిషి లేని గదికి రెండో మనిషి వచ్చింది. ఇందులో సంజాయిషీ చెప్పవలసిన తప్పు నాకు కనపడలేదు."

ఇక గడప సంగతి. ఆమె లోపలికి రాకూడదన్నారు. అందుకని మేమే బయటకు వచ్చాము. చాపలు, పలకలు, ఇసుక అన్నీ వరండాలోకి మార్చాము. ఆయా వరండాలో ఉండకూడదని మెమోలో లేదు. ఆర్ట్స్ కాలేజీ వైపు పోయే స్టూడెంట్లు సైకిళ్ళు ఆపి చూస్తున్నారు. శారద ఒక స్టూడెంటును పిలిచి కూర్చోబెట్టి రాళ్ళు ఏరించింది. ఎండ ఎక్కువైనప్పుడు కష్టంగా ఉన్నది. అయినా లోపలికి పోము.

సారలమ్మ


ప్రొద్దుటూరు
9 ఫిబ్రవరి 1968

సారలా,

నీ మీద కోపం ఇంకా పోలేదు. అది ముందే చెబుతున్నాను. ఇప్పుడు మిగతాది రాస్తాను.

నీ ఉత్తరాలు అమ్మకు చదివి వినిపిస్తుంటాను. డిసెంబరు నుంచి వచ్చినవి వినిపించలేదు. పోయిన నెలాఖరున తానే అడిగింది. "యేమ్మే, ఆ పిల్లోళ్ళ కతలు మానేసినావే? ఆ లింగమ్మ యేమాయ?" దాటవేయబోయాను. పాపను నా ఒళ్ళోంచి తీసుకుని ఎదురుగా కూర్చున్నది. అంతా చెప్పవలసి వచ్చింది.

"అయితే ఆ యమ్మ చేసిన పని నువ్వు చేసినట్ల రాసుకున్నావా?"

"వట్టి కాగితమే అమ్మా."

"వట్టి కాయితమే అయితే చించెయ్యి. యేడుస్తావెందుకు?"

ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆఫీసుకు రాశాను. సెప్టెంబరు నుంచి జనవరి వరకు నా పేరుతో ఉన్న పట్టీలు నేను ప్రొద్దుటూరులో మంచంలో ఉండి చేసిన సంతకాలని, ఆ ఐదు నెలలూ నేను తరగతిలో లేనని, వాటిని రద్దు చేయమని. పట్టీలు ఎవరు పంపారో కూడా రాశాను. ఒక్కదాన్నే తప్పు మోయడం నాకు ఇష్టం లేకపోయింది. పోస్టు చేసే ముందు మా ఆయనకు తెలియజేశాను. "ఏడాది చేజేతులా పారేసుకుంటావా? చిన్నపిల్ల చేష్టలు చేయకు" అని జవాబు వచ్చింది. ఆ జవాబు మడిచి పెట్టి, పాపను ఎత్తుకుని, నేనే పోస్టాఫీసుకు నడిచి వెళ్ళి రిజిస్టరు చేయించాను. ఆరు నెలల్లో వీధిలోకి రావడం అదే మొదటిసారి.

ఇది నీకోసం చేయలేదు. ఆ గదిలోకి మళ్ళీ వస్తే లింగమ్మ మొహం చూడాలి. చూసే మనిషి కదా ఆమె.

జూన్‌లో మళ్ళీ దరఖాస్తు పెడతాను. ఇంట్లో ఏమంటారో అనుకోనీ.

విశాలాక్షి


తార్నాక
30 మార్చి 1968

విశాలాక్షక్కకు,

ఇంతకుముందే రాయవలసింది. తేలేదాకా రాయకూడదని ఆగాను.

నీ ఉత్తరం ఆదినారాయణ గారి బల్ల మీదికే వచ్చిందట. నీ పట్టీలు ఐదూ ఫైలులోంచి విప్పి తీశారు. అప్పుడు చిక్కు వచ్చింది. ఏ నెలా తరగతి ఒక్క మనిషితో నడవకూడదన్న షరతు ఉన్నది కదా. నీవు లేవని నీవే రాశావు. ఇక ఆ ఐదు నెలల గడి ఖాళీ. ఖాళీ ఉంటే మేడమ్ తరగతి కమిటీ లెక్కకు రాదు. ఆవిడ ఆఫీసుకు మూడుసార్లు వెళ్ళారు. ఎవరి పేరు పెట్టాలన్నా ఆ మనిషి అక్కడ ఉండి ఉండాలి, రుజువు కావాలి. రుజువు ఉన్నది ఒక్కరికే. సెప్టెంబరుకు ఆమె చేట పాఠం రాసిన నా ఎడమ పేజీ, అక్టోబరు నుంచి కుడి పేజీలు.

నిన్న ఉత్తర్వు వచ్చింది. "సెప్టెంబరు 1967 నుంచి జనవరి 1968 వరకు శిశు తరగతి రెండవ ఉపాధ్యాయిని స్థానంలో పనిచేసినవారు: శ్రీమతి గుండేటి లింగమ్మ." కింద మేడమ్ సంతకం. చేసేటప్పుడు కలం కాగితంలోకి దిగిపోయిందని ఆదినారాయణ గారు చెప్పారు. "నేనే టైపు కొట్టినానమ్మా. రెండు తూర్లు సరిచూసినాను" అన్నారు.

మనకు మంచి జరిగిందని అనుకోకు. నీ ఏడాది పోయినట్టే. నా ఉద్యోగం ఖాయం చేయడం ఒక ఏడాది వాయిదా వేశారు. మెమో నా ఫైలులో ఉన్నది. తీయమని నేను అడగను. లింగమ్మ ఆయాగానే ఉన్నది. మేము ఇంకా వరండాలోనే ఉన్నాము.

ఉత్తర్వు తీసుకుని వారాసిగూడ వెళ్ళి, వాళ్ళ ఇంటి ముందు నిలబడి లింగమ్మకు చదివి వినిపించాను. పక్కింటివాళ్ళు బయటికి వచ్చి విన్నారు. వాళ్ళాయన బుచ్చిరాములు, "మా దాన్ని శ్రీమతి అన్నరా? ఇంకోపారి చదువమ్మా" అన్నాడు. మళ్ళీ చదివాను. లింగమ్మ మాత్రం నవ్వలేదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నది.

"జనవరి దాకనేనా?"

"గంతవరకే రాసిన్రు, చిన్నమ్మా."

"మరి ఫిబ్రవరి, మార్చి? గీ రెండు నెలలు వరండల నేను నిద్రపోయిన్నా?"

నేను ఉత్తర్వు మళ్ళీ తిప్పి చూశాను.

"ఇంకో కాయిదం రాయి" అన్నది. "గీ రెండు నెలలది. పరీక్షలైనంక బడి మూస్తరు గదా, ఏప్రిల్‌ది గూడ ఇప్పుడే అడుగు. జూన్‌ల విశాలమ్మ వస్తది. వచ్చినంక ముగ్గురం ఉంటమని గూడ రాయి. ఒకామె నడిపితే ఇద్దరం చూస్తం. ముప్పైమంది పిల్లలకు నాలుగు కండ్లు ఏం సరిపోతయి?"

ఆ కాగితం ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. నా సంతకం అయింది, ఆమె వేలిముద్ర అయింది. కింద నీకు చోటు వదిలాను. ఈసారి నిండుగా రాసి ఉన్న కాగితమే, ముందు చదువు. ఒప్పుకుంటే సంతకం చేసి వెంటనే తిప్పి పంపు. అది అందిన మర్నాడే ఆఫీసు తెరవగానే ముగ్గురి పేర్లతో ఇస్తాము.

సారలమ్మ